పట్నమున చదువుకొను పిల్ల – నెల పైకము

జూన్ మాసము వచ్చినదనిన మన పల్లెలలోను చిన్న పట్టణములలోను ప్రతి వీథిలోను ఏదో యొక యింటి ముందు పెట్టె, పరుపుచుట్ట, పచ్చడి సీసాలు సర్దుకొని ఒక పిల్లయో పిల్లవాడో బస్సు కొరకు నిలుచుండుట కానవచ్చును. కళాశాల రుసుము ఎట్లు కట్టుదుము, గది యెక్కడ దొరకును, తోడెవరుందురు అని తల్లిదండ్రులు వేసవి యంతయు ఆలోచింతురు. ఆ పిల్ల పట్నమున దిగిన మరునాటి నుండి ఉప్పు మొదలు పుస్తకము వరకు ప్రతి వస్తువును తానే కొనుక్కొనవలెనని మాత్రము ఏ యింటను తలపునకు రాదు. కొనుట యొక విద్య. ఇంట నున్నంత కాలము ఆ పిల్లను మనము కిరాణా కొట్టునకు పంపినది చుట్టములు వచ్చి పంచదార చాలనప్పుడు మాత్రమే గదా!

నేను చెప్పబోవునది హైదరాబాదు సంగతి. మా ప్రాంతమున పట్నమనిన హైదరాబాదే. వేరుగ పేరు చెప్పు నలవాటు లేదు.

పూర్వపు విద్యార్థికి లేమి లేకపోలేదు. సాందీపని గురువు నింట కృష్ణ కుచేలు లిరువురును కట్టెలకై యడవికి పోయి గాలివానలో చిక్కుకొన్న కథ భాగవతము చదివిన సోదరీమణులకు తెలిసినదే. మన తాతల కాలమున వారములు చేసికొని చదువుకొన్నవా రెందరో కలరు. సోమవార మొక యింట, మంగళవార మొక యింట, ఇట్లు ఏడిండ్ల యన్నముతో శాస్త్రములు ముగించిరి. ఆ పద్ధతిలో గృహిణి ముఖము చూచి మారన్న మడుగవలసిన దైన్యము కలదు. పైగా ఆ యేడిండ్లలో ఆడపిల్లకు చోటు లేదు. పిమ్మట వసతి గృహములు వచ్చినవి. 1918లో హైదరాబాదున స్థాపింపబడిన రెడ్డి హాస్టలు జిల్లాల నుండి వచ్చిన పిల్లల కెందరకో నీడ నిచ్చినది. అయితే ఈ రెండు ఏర్పాటులలోను విద్యార్థికి బజారుతో పని లేదు; వండి పెట్టువారొకరు, సరుకు తెచ్చువారొకరు ఉండిరి. నేటి పిల్ల చేతిలో ఒక ఫోను, అందులో కొంత పైకము, చుట్టును వేయి దుకాణములు. ఆమెకు సలహా చెప్పుటకు ప్రకటనలు తప్ప వేరెవరును లేరు.

మా అక్కగారి కుమార్తె కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయమున ఎం.ఎస్సీ. చదువుచున్నది. పూర్వము బ్రిటిషు రెసిడెన్సీగా నుండిన భవనమున్న ఆవరణ మది. 1924లో మొదలైన మహిళా కళాశాల 1949లో అచ్చటికి మారి, నేడు వీరనారి చాకలి ఐలమ్మ పేరిట విశ్వవిద్యాలయమైనది. ఖర్చు తగ్గునని మా పిల్ల తోడి విద్యార్థినులు ఇద్దరితో కలిసి కాచిగూడలో గది తీసికొని వండుకొనుచున్నది. దీపావళికి ఆమె యింటికి వచ్చినప్పుడు నేనును అచ్చటనే యుంటిని. మెడ యెముకలు కనబడుచున్నవి. “చదువు ఒత్తిడి” అని మా అక్క యనెను. నేను పిల్లను ప్రక్కకు పిలిచి లెక్కల పుస్తకము తెమ్మంటిని. ఆ పిల్ల మావారి పాఠశాలలోనే పదవ తరగతి వరకు చదివినది. ప్రతి దినము ఖర్చు వ్రాసికొనుట ఆయన తన శిష్యుల కందరకు అంటగట్టెడి యలవాటు.

ఆమె తండ్రి మూడెకరముల రైతు. నెలకు పంపునది 7,000 రూపాయలు. అందులో గది అద్దెకు ఆమె వంతు 2,500. తక్కిన 4,500 ఇట్లు పోయినవి: గ్యాసు, విద్యుత్తు వంతు 400, జిరాక్సు ప్రతులు, ప్రయోగశాల పుస్తకములు 700, ఆటోలు 360, ఫోను 300, సబ్బులు మొదలగునవి 450, పాలు, తేనీరు 400, కిరాణా 1,640, కూరగాయలు 250. ఈ పద్దులో విలాస మెచ్చటను లేదు. సినిమా లేదు, పూలు లేవు, ఒక్క గాజుల జత లేదు. అయినను నెలంతటికి కూరగాయల పద్దు 250 రూపాయలు మాత్రమే! రాత్రిపూట చాలచోట్ల “బిస్కట్లు 10” అని వ్రాసియున్నది. నాకు కన్నుల నీరు తిరిగినది గాని పిల్ల యెదుట బయటపెట్టలేదు.

కిరాణా పద్దును వరుసగా చదివితిని. ఒక నెలలో 41 పర్యాయములు కొట్టునకు పోయినది! కందిపప్పు పావు కిలో, నూనె చిన్న పొట్లము, బియ్యము రెండు కిలోలు, మరల కందిపప్పు పావు కిలో. గదికి క్రిందనున్న చిన్న కొట్టువాడు పావు కిలోకు తీసికొనిన ధరను నాలుగింతలు చేసి చూచిన, కిలో ధర కంటె బహుదూరము పోయినది. అతని తప్పేమియు లేదు. విడిగా తూచి, పొట్లము కట్టి, రాత్రి పదింటి వరకు దీపము వెలిగించి కూర్చున్నందుకు అతడును బ్రతుకవలెను గదా. ఆ సరుకులనే నెలకొకసారి పెద్ద బజారున కొనిన ఏమగునని మావారును నేనును కూర్చుండి లెక్క కట్టితిమి. 1,190 రూపాయలు తేలినది. అనగా 450 రూపాయలు చిన్న పొట్లములకే పోవుచున్నవి. పూటకు ముప్పది రూపాయలు పెట్టి వండుకొన్నను అది పదునైదు రాత్రుల భోజనము.

“మరి నెల సరుకు ఒక్కసారే ఏల తెచ్చుకొనవమ్మా?” అని యడిగితిని. “ఒక్కసారి అంత చేతిలో ఉంటే గదా చిన్నమ్మా!” అనెను. అప్పుడు జమ వైపు చూచితిని. ఆ నెలలో తండ్రి పంపిన పైకము ఆరు విడతలుగా వచ్చినది: 1,500, 1,000, 500, 2,000, 500, మరల 1,500. మొదటి రెండును అద్దెకే పోయినవి. పైకము ముక్కలుగా వచ్చిన పిల్ల సరుకు ముక్కలుగానే కొనును. ముక్కలుగా కొన్నది ఎప్పుడును ప్రియమే. పేదవాడు ధనవంతుని కంటె ఎక్కువ ధర యిచ్చి ఉప్పు కొనుచుండుటకు ఇదియే మూలము.

ఇట ఒక సంగతి దాచక వ్రాయవలసియున్నది. మా అక్కగారి కుమారుడు వరంగల్లున చదువుచున్నాడు. అతనికి ప్రతి నెలా ఒకటవ తేదీన మొత్తము పైకము ఒక్కసారే పోవును. అతడు హాస్టలులో నున్నాడు గనుక నెల మొదట కట్టవలెనని మా బావగారు చెప్పుదురు, అది నిజమే. కాని అతని చేతిఖర్చు సైతము ఒకేసారి పోవుచున్నది. పిల్లకు మాత్రము “అడిగినప్పుడు పంపుదము, ఆడపిల్ల చేతిలో అంత పైకమెందుకు” అను మాట. కఠినత్వముతో అన్న మాట కాదు; పట్నమున ఎవరైన మోసగింతురని భయము. ఆ భయమునకు వెల నెలకు 450 రూపాయలని, ఆ వెల బిడ్డ తన శరీరముతో చెల్లించుచున్నదని ఆయనకు తెలియదు. ప్రతిసారియు ఫోనుచేసి అడుగుటకు సిగ్గుపడి ఆ పిల్ల ఒక్కొక్క రాత్రి బిస్కట్లతో గడపినదని మా అక్కకును తెలియదు.

నవంబరులో మావారికి పరీక్షల పనిపై పట్నమునకు పోవలసిరాగా నేనును వెంట పోయి, మూడు దినములు ఆ పిల్లల గదిలో నుండి, వారితో బజారులన్నియు తిరిగితిని. అచ్చట చూచినదియు, ఆ పిల్లలే నాకు నేర్పినదియు ఇతర గృహములవారి కుపకరించునని వ్రాయుచున్నాను.

మొదట ప్రయాణము సంగతి. దూరపు బజారున పది రూపాయలు మిగిలి, ఆటోకు నలుబది పోయిన ఆ చౌక చౌక కాదు. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీ నుండి స్త్రీలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జి లేదు. ఈ రాష్ట్రపు చిరునామా గల గుర్తింపు పత్రము చూపిన సున్న టిక్కెట్టు ఇత్తురు. కావున ఆడపిల్లకు పెద్ద బజారు నేడు దగ్గరైనది. పొరుగు రాష్ట్రము నుండి వచ్చిన పిల్లకు ఈ సౌకర్యము లేదు. మా పిల్లతో నున్న ముగ్గురిలో ఒకతె గుంటూరు జిల్లా పిల్ల, ఆమె టిక్కెట్టు కొనుచున్నది. అందుచేత మోత సరుకు తెచ్చు పని మిగిలిన యిద్దరిది, గది యూడ్చి వంట చేయు పని ఆమెది అని వారే పంచుకొనిరి. ఈ యొప్పందము నాకు మిక్కిలి నచ్చినది.

నెల సరుకునకు బేగంబజారు. నిజాం అలీఖాను భార్య హమ్దా బేగము వర్తకులకు ఇచ్చిన భూమిలో వెలసినదగుటచే ఆ పేరు వచ్చినదందురు. పప్పులు, చింతపండు, మిరపకాయలు, ఎండు ద్రాక్షలు, స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క సందు. కొన్ని అంగడులు మూటల లెక్కన తప్ప అమ్మవు; విడిగా అడిగిన మొగము త్రిప్పుకొందురు. కాని ముగ్గురు పిల్లలు కలిసి ఐదు కిలోల పప్పడిగిన సంతోషముతో తూచి యిత్తురు. ఒక్కతె పోయిన దొరకని ధర ముగ్గురు పోయిన దొరకును. స్టీలు పాత్రలు అచ్చట తూకమునకు అమ్ముదురు. విద్యార్థినికి కావలసినది మూడు పాత్రలు, ఒక కుక్కరు, పళ్లెము, గ్లాసు. అంతకంటె ఎక్కువ కొన్నది రెండేండ్లకు గది ఖాళీ చేయునాడు బరువు. మా పిల్ల నలుబది గజములకొకచోట నిలిచి ధర అడుగుట, జవాబు విని కదలిపోవుట చూచి నాకు ముచ్చట కలిగినది. శనివారము సాయంకాలము మాత్రము అచ్చటికి పోరాదు. నడుచుటకు చోటుండదు, చేతిసంచి జాగ్రత్త చూచుకొనుటతోనే సరిపోవును.

కూరగాయలకు సరూర్‌నగరు రైతుబజారు. 1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రమున మొదలైన రైతుబజారులలో నడుమ దళారి లేకుండ పండించినవారే అమ్ముకొనవలెనని యుద్దేశము. ద్వారముకడ నాటి ధరల పలక వ్రేలాడును. ముందు ఆ పలక చదువవలెను. పిదప లోనికి పోవలెను. మా పిల్ల దానిని ఫోనులో ఛాయాచిత్రము తీసికొని, వాకిట తిరుగు బండివాడు చెప్పు ధరతో పోల్చి చూచుచున్నది. వారమునకు సరిపడు కూరలు ఒక్కసారి కొనిన మంచిదే గాని శీతలయంత్రము లేని గదిలో ఆకుకూర రెండవనాటికే వాడిపోవును. కావున మొదటి రెండు దినములకు ఆకుకూర, పిదప బెండ, వంకాయ, చివరి దినములకు సొర, గుమ్మడి, దుంపలు అను క్రమము వారికి చెప్పి వచ్చితిని. ఇది మన వంటిండ్లలో ఎవరును ప్రత్యేకము నేర్పని సంగతి. చెప్పువారు లేనిచో పిల్ల అన్నియు ఒకేసారి వండక కుళ్లబెట్టును.

తూకము విషయమై ఒక మాట. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున తూనికలు, కొలతలు చూచుటకు పౌతవాధ్యక్షుడను ప్రత్యేకాధికారిని నియమించినాడు. తప్పుడు తూకమునకు దండనయు విధించినాడు. నేడును తూనికల శాఖవారి ముద్ర లేని త్రాసు వాడరాదు. విద్యుత్ త్రాసుపై సరుకు పెట్టకముందు సున్న కనబడుచున్నదా, ఖాళీ గిన్నె బరువు తీసివేసినాడా అని రెండు చూపులు చాలును. ఆకుకూరలమ్ము అవ్వతో ఒక్క రూపాయికై పోట్లాడుట నా కిష్టము లేదు. ఆమె తెల్లవారుజామున లేచి మోసికొని వచ్చిన కట్టలవి. “బిడ్డా, ఇంకొక్క కట్ట తీసుకో” అని ఆమెయే కొసరు వేయును. బేరమాడవలసినది బట్టల కొట్టులో.

పొట్లము సరుకుల సంగతి వేరు. దానిపై ముద్రించిన గరిష్ఠ ధరలో పన్నులన్నియు చేరియున్నవి. అంతకు మించి తీసికొనరాదు, తక్కువకు అమ్మవచ్చును. ఇటీవలి నియమముల చొప్పున ఒక గ్రాముకు లేక మిల్లీలీటరుకు ధర యెంతయో కూడ పొట్లముపై వ్రాయవలెను. సన్నని అక్షరములు, కాని పిల్లల కన్నులు మంచివి గదా. ఆ యొక్క అంకె చదివిన ఏది చౌకయో తేలిపోవును. ఎల్లప్పుడును పెద్దదే చౌక యను నమ్మకము పనికిరాదు. కొన్ని షాంపూల విషయమున పెద్ద సీసా కంటె చిన్న పొట్లములే చౌకగ తేలినవి! మరీ చిన్న పొట్లములకు ఆ నియమము వర్తింపదు గనుక అచ్చట లెక్క తానే వేసికొనవలెను. ఎం.ఎస్సీ. చదువు పిల్లకు భాగహారము కష్టము కాదు.

పది నిమిషములలో సరుకు గుమ్మమునకు తెచ్చు ఫోను దుకాణములు వచ్చినవి. మొదట తగ్గింపు చూపును. చివర రుసుములు చేర్చును. చేరవేయుటకు కొంత, సర్దుటకు కొంత, చిన్న సరుకైన అందుకును కొంత. గది క్రింది కొట్టువాడైన పొట్లము చిన్నదని జరిమానా వేయలేదు. జ్వరము వచ్చిననాడు, రాత్రివేళ అవసరము పడిననాడు అవి మేలే. నిత్యము వాడిన మరల అదే పావు కిలో రోగము.

ఇక పుస్తకములు. కోఠీలో పాత పుస్తకముల కొట్టులు బారులు తీరియున్నవి. ఆదివారమున ఆబిడ్సులో దుకాణములు మూసియుండ, వాని ముందరి కాలిబాటపై పుస్తకములు పరచి అమ్ముదురు. ఆరవ నిజాము కడ పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అను ఆర్మీనియా దేశీయుడు నడిపిన దుకాణము పేర ఆ ప్రాంతమునకా పేరు వచ్చినది. అచ్చట కొనునపుడు చూడవలసినవి మూడు: ముద్రణ సంవత్సరము, పాఠ్యప్రణాళిక మారినదా లేదా యను సంగతి, నడుమ పుటలున్నవా యను సంగతి. నడిమి పుటలు లేని పుస్తకము ఎంత చౌకగ వచ్చినను చిత్తుకాగితమే. శుభ్రముగ వాడిన పుస్తకమును అదే కొట్టువాడు సంవత్సరాంతమున మరల కొనును; మొదట కొనునపుడే ఆ మాట అడిగి పెట్టుకొనవలెను. ఎన్.సీ.ఈ.ఆర్.టీ. వారి పాఠ్యపుస్తకములు ఆ సంస్థవారే ఉచితముగ చదువుకొనుటకు ఉంచియున్నారు. వానిని కొట్టులో జిరాక్సు తీయించి కొనుట వృథా. ఉద్యోగ పరీక్షలకు చదువు పిల్లలకు 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ వారి పుస్తకములు హిమాయత్‌నగరున దొరకును.

అసలు కొనకుండనే చదువవచ్చును గదా! అఫ్జల్‌గంజిలోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము 1891లో అసఫియా పేరిట మొదలైనది. సుల్తాన్‌బజారులో 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నేటికిని కలదు. నిజాము రాజ్యమున తెలుగు చదువునకు దారిచూపిన ఆ యింటిలో కాలు పెట్టి నేను కొంతసేపు ఊరకే కూర్చుంటిని. చిక్కడపల్లి గ్రంథాలయమున ఉద్యోగ పరీక్షలకు చదువు పిల్లలు ఉదయమునుండి రాత్రి వరకు బల్లల చుట్టు నిండియుందురు. కొందరు అన్నపు డబ్బా వెంట తెచ్చుకొందురు. ఆ నిశ్శబ్దములో నా పక్కన కూర్చున్న పిల్ల చెప్పులు త్రాటితో కట్టియున్నవి. ఆమె చదువుచున్న పుస్తకము మాత్రము అట్ట వేసి శుభ్రముగ నున్నది.

బట్టలకు సుల్తాన్‌బజారు, సికిందరాబాదున జనరల్ బజారు. అడిగిన ధరకు కొనకుండుట, మూడు కొట్టులు చూచుట, కొనునుద్దేశము లేనిచో బేరము మొదలుపెట్టకుండుట అను ఈ మూడును మర్యాదలే. నేత బట్టలకు చేనేత సహకార దుకాణములలో పండుగ దినములందు తగ్గింపు లుండును. నాంపల్లిలో ఏటేట జనవరి ఒకటిన మొదలగు నుమాయిషు అను ప్రదర్శన 1938లో పుట్టినది. దాని యాదాయము విద్యాసంస్థలకు పోవును. అందు తిరుగుట పిల్లలకు వేడుక గాని కొనుటకు పోవువారు పైకము లెక్కపెట్టుకొని పోవలెను. లాడ్‌బజారు లక్క గాజుల కొక జత ఖర్చు పెట్టుకొమ్మని నేనే మా పిల్లకు చెప్పితిని. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ గాజులు చార్మినారు నీడలో నిప్పులపై లక్క మెత్తపరచి చేయుచుండగా చూచుట వెల లేని వినోదము. పద్దులో ఒక్క సంతోషమైన లేని బ్రతుకు ఇరువది యొక్క సంవత్సరముల పిల్లకు తగదు.

రెండు చోట్ల చౌకకు పోరాదు. ఒకటి, నీళ్లు కాచు విద్యుత్ కడ్డీ. కాలిబాటపై గుట్టలుగ పోసి అమ్ముదురు. ఐ.ఎస్.ఐ. గుర్తు లేనిది బకెట్టులో పెట్టుట ప్రాణముతో ఆట. రెండవది అన్నము. ఏనాడైన పైకము బొత్తిగ లేకపోయిన నగరపాలక సంస్థవారు 2014లో ప్రారంభించిన ఐదు రూపాయల భోజనశాలలు కలవు. కూలి జనముతో బాటు విద్యార్థులును వరుసలో నిలిచి తినుచున్నారు. మా పిల్ల అచ్చటికి పోవుటకు మొదట మొగమాటపడినదట. వారములు చేసికొన్న మన పెద్దలు పొరుగింటి పంక్తిలో కూర్చుండలేదా? అచ్చట మారన్న మడుగ మొగమాటము. ఇచ్చట ఐదు రూపాయలిచ్చి తినుట. నా దృష్టిలో ఇదియే మేలు.

కొన్న ప్రతి పెద్ద వస్తువునకు రసీదు తీసికొనవలెను. మూడవనాడు మా యెదుటనే యొక కొట్టులో ఇట్లు జరిగినది. గుంటూరు పిల్ల వారము క్రిందట కొనిన ఇస్త్రీ పెట్టె వేడెక్కుట లేదు. కొట్టువాడు రసీదుపై ముద్రించిన వాక్యము చూపి, అమ్మిన సరుకు తిరిగి తీసికొనమనెను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము దోషమున్న వస్తువును రసీదులో చెప్పిన గడువులో, గడువు లేనిచో ముప్పది దినములలో, తిరిగి తీసికొననని యనుట అన్యాయ వర్తకము. ఆ పిల్ల ఫోనులో 1915 అను అంకె చూపి, “ఇది వినియోగదారుల ఫిర్యాదుల నంబరు, మీ యెదుటనే పిలువనా అన్నా?” అని మెల్లగ నడిగెను. గొంతు పెంచలేదు. అతడు లోనికి పోయి వేరొక పెట్టె తెచ్చి తగిలించి వేడి చూపించి యిచ్చెను.

ఇంటికి వచ్చిన పిదప మా బావగారితో మాటలాడవలసిన పని మిగిలినది. నేను మరదలిని, లెక్క చెప్పిన వినుదురు గాని వాదించిన మర్యాద కాదు. మావారే ఆయన పక్కన మంచముపై కూర్చుండి, పిల్ల పద్దుల పుస్తకము తెరచి, 1,640 క్రింద 1,190 వ్రాసి, వ్యత్యాసము ఆయనచేతనే తీయించిరి. ఆ తరువాత జమ వైపు ఆరు విడతలు చూపిరి. బావగారు చాలసేపు మాటలాడలేదు. “వానికి ఒక్కసారి పంపుతున్నం గద” అని మా అక్క తలుపు చాటునుండి మెల్లగ అనెను. ఆమె భర్త మాటకు అడ్డు చెప్పగా విన్నది నాకదే మొదటిసారి.

అయితే వారి కష్టమును నిజమే. పంట పైకము నెలనెలా వచ్చునది కాదు. వడ్లు అమ్మిననాడు వచ్చును, పాలకేంద్రమువారు పదునైదు దినములకొకసారి యిత్తురు. నెల మొదట ఏడు వేలు చేతిలో లేకపోవచ్చును. దానికి మార్గము ఇంటిలోనే యున్నది. తాము పండించిన బియ్యము తాము అమ్ముకొనుచుండ, బిడ్డ పట్నమున రెండేసి కిలోలు కొనుచున్నది! ఆర్టీసీవారు 2020 నుండి సరుకులు చేరవేయుచున్నారు. ఊరి బస్సు ప్రాంగణమున మూట అప్పగించిన పట్నపు బస్సు ప్రాంగణమున తీసికొనవచ్చును. మూడు నెలలకొకసారి బియ్యము, కందిపప్పు, మిరపపొడి, చింతపండు, పసుపు పంపుటకు, అద్దెయు ఖర్చులును కలిపి 5,500 రూపాయలు ఒకటవ తేదీననే పంపుటకు నిర్ణయమైనది. పాల పైకములో నుండి అది తీయుదురు.

జనవరి నుండి అట్లే జరుగుచున్నది. మొదటి మూటలో ముప్పది కిలోల బియ్యముతో బాటు మా అక్క ఐదు కిలోల పచ్చడులు పెట్టినది. ముగ్గురు పిల్లలును దానిని ప్రాంగణమునుండి బస్సులో ఎక్కించుకొని, కాచిగూడలో దింపుకొని, మెట్లెక్కి గదికి చేర్చుసరికి గంటన్నర పట్టినదట. ఫోనులో మాటలాడుచు మా పిల్ల అన్నది: “చిన్నమ్మా, అమ్మతో చెప్పు, ఈసారి పచ్చడి తగ్గించి నువ్వులు, బెల్లం పంపమను. రాత్రి అన్నం తిన్నాక కూడా చదువుతుంటే మళ్ళీ ఆకలేస్తున్నది.”